బడి గడపకు ముందే

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువలకు నీరు వచ్చిన కొలది యేండ్లకే డెల్టాలో బడులును వెలసినవి. నరసాపురమున సబుకలెక్టరుగా నుండిన టెయిలరు దొర ప్రోత్సాహమున రైతులు శిస్తుపై కొంత అదనముగా చెల్లించి తమ గ్రామములలో పాఠశాలలు నిలుపుకొనిరి. మద్రాసు ప్రభుత్వము 1863లో విద్యాచట్టము చేసినది ముఖ్యముగా ఈ వసూలును చట్టబద్ధము చేయుటకే. గోదావరివాసులు గర్వింపదగిన కథ యిది.

అయితే ఆ శిస్తు పండిన చేలో ఊడ్చి, కోసి, కుప్ప వేసిన పాలేరు బిడ్డ ఎక్కడ నున్నాడు? దొడ్డిలో పేడ తీయుచో, గట్టున గేదెలను కాయుచో ఉండెడివాడు. అంటరానివారని పేరుపెట్టిన కులముల పిల్లలు ఊరి బడి అరుగెక్కుటయే అరుదు. వారికి అక్షరము దొరికినది చాలవరకు మిషనరీల బడులలోనే. పంచమ విద్యకై ప్రభుత్వము ప్రత్యేకముగా ఉత్తరువు చేసినది 1893లో, అనగా విద్యాచట్టము వచ్చిన ముప్పది యేండ్లకు!

తలుపు తెరచినంత మాత్రమున చాలదని కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు గ్రహించిరి. పిఠాపురము మహారాజావారి అండతో ఆ పిల్లలకు వసతిగృహ మేర్పడినది. చదువుకు దీపము, కడుపుకు అన్నము ఒకచోట అమరినవి. మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకములో పాలేరు కుర్రవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. అది చూచి తమ బిడ్డలను బడికి పంపిన తలిదండ్రులు ఎందరో యుండిరని చెప్పుదురు.

ఇక మన కాలపు సంగతి. 2002లో ఆరంభమైన ‘యంగ్ లైవ్స్’ పరిశీలన ఆంధ్రదేశమున సుమారు 2,000 మంది ఏడాది శిశువులను ఎన్నుకొని, వారి వెంట సంవత్సరముల తరబడి నడచినది. పశ్చిమ గోదావరియు అందులో నొకటి. అయిదేండ్ల ప్రాయమున ఎన్ని మాటలు గుర్తింతురో చూడగా, కలిగిన యిండ్ల పిల్లలకు, చదువుకొన్న తల్లుల పిల్లలకు అప్పటికే ఆధిక్యము కనబడినది. అంతరము ఒకటవ తరగతి పలకపై పుట్టలేదన్నమాట. అమెరికాలో నల్ల, తెల్ల జాతుల పిల్లలను గూర్చి 1966లో వెలువడిన కోల్మన్ నివేదికయు ఒకటవ తరగతిలోనే అట్టి అంతరమును చూపినది.

దీనిని పుట్టుకతో వచ్చిన బుద్ధికి ముడిపెట్టువారు నేటికిని కలరు. మేము అంగీకరింపము. ఉత్తర భారతమున 321 మంది అగ్రకుల బాలురకు, 321 మంది అణగారిన కులముల బాలురకు కాగితముపై చిక్కుదారులిచ్చి పరీక్షించిరి. ఆ ఫలితము 2004లో వెలువడినది. కులము చెప్పనప్పుడు రెండు వర్గములును ఇంచుమించు సమానముగా నిలిచినవి. పేరు, తండ్రి పేరు, కులము అందరి యెదుట చదివినప్పుడు మాత్రము అణగారినవారు వెనుకబడిరి.