అన్నద్వేషం: మన ప్రాచీన వైద్యులు చూచిన తీరు

"పిల్లకు అన్నం సహించడం లేదు", "నోటికి రుచి తగలడం లేదు" అనే మాటలు మన ఇండ్లలో తరచు వినబడేవే. ముందు దిష్టి తీస్తాము. మర్నాడూ తినకపోతే మొండితనమని కసురుతాము. మన ప్రాచీన వైద్యులు మాత్రం దీనిని రోగంగా గుర్తించి, కారణాలు విచారించి, చికిత్స చెప్పినారు. పండుగ పూట ఆ చరిత్ర కొంత తెలుసుకొందాము.

చరకసంహిత చికిత్సాస్థానం 26వ అధ్యాయంలోను, సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం 57వ అధ్యాయంలోను ఈ రోగానికి "అరోచకం" అని పేరు. ఇది ఐదు విధాలు. వాత, పిత్త, కఫాలు విడివిడిగా చెడితే మూడు, కలిసి చెడితే నాలుగవది. వాతం వల్ల నోరు వగరుగాను, పిత్తం వల్ల చేదుగాను, కఫం వల్ల తియ్యగానో ఉప్పగానో ఉంటుందన్నారు. ఐదవది మనస్సుకు సంబంధించినది. శోకం, భయం, అతిలోభం, క్రోధం, మనస్సుకు గిట్టని తిండి, వాసన, రూపం దీనికి కారణాలని చరకం చెప్పుతున్నది.

మాధవనిదానానికి మధుకోశమనే వ్యాఖ్యానం ఉన్నది. అందులో ఇంకా సూక్ష్మమైన భేదాలు కనబడతాయి. నోట పెట్టుకొన్న ముద్ద రుచించకపోతే అరోచకం. అన్నాన్ని తలచినా, చూచినా, దాని మాట విన్నా ఏవగింపు కలిగితే భక్తద్వేషం. ఇక్కడ భక్తమంటే అన్నమే. కోపం చేతనో భయం చేతనో అన్నం మీద శ్రద్ధయే పోతే అభక్తచ్ఛందం.

ఇక చికిత్స. నోరు కడుగుకొనడం, ఔషధాలతో పుక్కిలించడం, వాము, శొంఠి, దానిమ్మ, రేగుపండు మొదలైనవి చేరిన యవానీషాడవ చూర్ణం వంటివి చెప్పినారు. అంతటితో ఆగలేదు. మనస్సుకు నచ్చిన అన్నపానాలు ఇవ్వాలి, సంతోషపెట్టాలి, ఓదార్చాలి అన్నారు. రోగికి అలవాటైన, స్వదేశపు పద్ధతిలో చేసిన భక్ష్యాలు పెట్టమన్నాడు సుశ్రుతుడు. తరాలుగా పరరాష్ట్రంలో ఉంటున్న మనకు ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. హాస్టలులో చిక్కిపోయిన కుర్రవాడు ఇంటికి వచ్చి గోంగూర పచ్చడి కలుపుకొని తింటుంటే మనం చూచేది అదే.

దీనికి ఎదురైనది అత్యగ్ని, అనగా ఎంత తిన్నా తీరని ఆకలి. దానికి చరకం ఉపవాసం విధించలేదు. పాయసం, నెయ్యి, బెల్లపు పిండివంటలు వంటి బరువైన ఆహారం పదేపదే పెట్టమన్నది. వేళ తప్పి తినడం "విషమాశనం", తిన్నది అరగకముందే మళ్ళీ తినడం "అధ్యశనం" అని హెచ్చరించినారు. రాత్రి డ్యూటీలు చేసే మా రైల్వేవారు ఈ రెండు మాటలూ గోడమీద వ్రాసుకోదగినవి.

పాశ్చాత్యులలో 1873లో ఫ్రాన్సు వైద్యుడు లసేగ్, ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ అన్నం మానివేసే యువతుల వ్యాధిని వర్ణించినారు. 1874లో గల్ వాడిన "అనొరెక్సియా నెర్వోసా" అనే పేరే నేటికీ నిలిచినది. అదీ మన అరోచకమూ ఒకటే అని గర్వంగా చెప్పుకోవడం సరికాదు. అరోచకంలో రుచి పోతుంది. ఆ వ్యాధిలో లావవుతామనే భయంతో ఆకలిని అణచుకొంటారు. అది ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి బిడ్డ రోజురోజుకూ చిక్కిపోతుంటే చూర్ణాలతో కాలయాపన చేయక డాక్టరుకు, మానసిక వైద్యునికి చూపించాలి.

అయినా పాతవారి బోధ ఒకటి చెక్కుచెదరలేదు. అన్నం ముట్టని మనిషి వెనుక ఒక భయమో దుఃఖమో ఉండవచ్చును. వారు ఓదార్చమన్నారే కాని కసరమనలేదు. ఈ ఉగాదికి మన విస్తళ్ళముందు ఎవరైనా ముద్ద ఎత్తక కూర్చుంటే, "తిను" అనడానికి ముందు "ఏమైంది?" అని అడుగుదాము.