పులి–మేక

పులిజూదం అని కూడా పిలిచే ఈ ఆటను తెలుగు పల్లెల్లో రచ్చబండల మీద, గుడి మండపాల రాళ్ల మీద గీతలు గీసుకుని ఇద్దరు ఆడతారు. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. కొన్నిచోట్ల లెక్క మారుతుంది. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలకు చంపే బలం లేదు, పులులను కదలనివ్వకుండా కట్టేస్తేనే వాటికి గెలుపు. ఇది వేట ఆటే తప్ప యుద్ధక్రీడ కాదని, ఆ పేరు చదరంగానికే చెల్లుతుందని ఒక వాదం. అయితే చదరంగంలో ఇరుసేనలూ సమానం. అడవి పోరులో ఆ సమానత ఎక్కడిది?

అలాంటి పోరుకు ఒక ఉదాహరణ, బ్రిటిష్ పాలనపై గోదావరి మన్యంలో లేచిన రంప తిరుగుబాటు. 1879లో అది భద్రాచలం ప్రాంతంలోని రేకపల్లి సీమకు పాకింది. మద్రాసు ప్రభుత్వం ఆరు పదాతి రెజిమెంట్లను, అశ్వికులను దింపినా పోరు 1880లోనూ సాగింది. నాయకులు ఒక్కొక్కరే చిక్కడమో, చనిపోవడమో జరిగాకే అది చల్లారింది. తుపాకులున్న సైన్యాన్ని మేకలతో పోల్చడం తగదనిపించవచ్చు. కానీ ఈ ఆటలో బలమంటే ఆయుధం కాదు, కదలిక. దారులెరిగిన కొద్దిమంది పులుల్లా దూకారు. సంఖ్య ఉన్న సర్కారు దారులు మూయాల్సి వచ్చింది. సైనిక చరిత్ర చదివేవారికి ఈ గీతల పటం చదరంగం కన్నా దగ్గరి నమూనా.