జిలూఖానా నుంచి గుల్జార్ హౌజ్ దాకా: ఒక ఖాళీ స్థలం చరిత్ర

హైదరాబాదు నగర చరిత్రను చార్మినార్‌తో ఆరంభించటం పరిపాటి. 1591లో ఆ కట్టడం వెలసిన మాట నిజమే. కాని కుతుబ్‌షాహీల అధికారం జనానికి నిత్యం కనబడిన తావు దానికి ఉత్తరాన, కొద్ది దూరంలో ఉన్న చౌకం. నాలుగు దిక్కులా నాలుగు ఎత్తయిన కమానులు, నడుమ ఒక కొలను. ఆనాడు దాని పేరు జిలూఖానా, అనగా రాజపరివారం, కావలి దళాలు బారులు తీరే ఆవరణ.

ఈ చౌకాన్ని ఇస్ఫహాన్‌లోని నఖ్షె జహాన్ మైదానానికి అనుకరణగా చెప్పేవారున్నారు. కాలక్రమం ఇందుకు ఒప్పుకోదు. ఇస్ఫహాన్ సఫవీల రాజధాని అయ్యింది 1598లో. అప్పటికే హైదరాబాదు నిర్మాణం సాగుతోంది. నగర రూపకల్పనతో ముడిపడిన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు కనుక, పోలికకు మూలాన్ని అంతకు పూర్వపు ఇరానీ సంప్రదాయంలో వెతకటం సమంజసం.

నాలుగు కమానులకూ ఒకే హోదా లేదు. తూర్పుది నగారాఖానాకు నెలవు. పడమటిది రాజప్రాసాదాలకు దారి. దుష్టమంత్రాలను వమ్ము చేసే ద్వారమన్న భావంతో దానిని ‘సెహ్రె బాతిల్’ కమాను అన్నారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత ఆ ప్రాసాదాలు క్రమంగా రూపుమాసిపోయాయి. ద్వారం మాత్రం నిలిచింది. దాని వెనుక కాపాడవలసిన రాజు లేనప్పుడు మంత్రానికి అర్థమేమిటి? జనం నోట ‘సెహర్’ కాస్తా ‘షేర్’ అయింది, మంత్రం సింహమైంది. దీనిని కేవల ఉచ్చారణ దోషంగా కొట్టివేయరాదు. శాసనాలు చెప్పని రాజకీయ పరిణామాన్ని ఈ అపభ్రంశం చెబుతున్నది.

కొలను పేరు కూడా నిలవలేదు. నాలుగు దిశల కొలను అన్న అర్థంలో ‘చార్ సూ కా హౌజ్’గా ఉన్నది గుల్జార్ హౌజ్‌గా స్థిరపడింది. సైనికులు నిలిచిన చోట దుకాణాలు, ఇళ్ళు లేచాయి. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఉత్తరపు దారిలో పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుసను తీర్చింది. దారికి కొత్త అందం వచ్చింది గాని పాత ఆవరణ వైశాల్యం తిరిగి రాలేదు.

పరిరక్షణ చర్చల్లో నేటికీ కమానులే ప్రస్తావనకు వస్తాయి, వాటి మధ్యనున్న ఖాళీ రాదు. నా దృష్టిలో అసలు నిర్మాణం ఆ ఖాళీయే. నగల దుకాణాల నడుమ, వాహనాల రద్దీలో, హౌజ్ దగ్గర నిలిచి చూస్తే నాలుగు కమానులూ నాలుగు వైపులా ఇంకా కనబడతాయి. జిలూఖానా ఎంత మేర పరచుకొని ఉండేదో కొలిచేందుకు మిగిలిన ఆధారం ఆ చూపుమేరే.