ఖాళీ చెయ్యమంటే కారణం చెప్పాలి

1977 ఆగస్టు 4, తెల్లవారుజామున మూడు గంటల వేళ. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నేషనల్ హోటల్ చుట్టూ వేలమంది చేతులు పెనవేసుకుని నిలబడ్డారు. లోపల సుమారు యాభై మంది అద్దెదారులున్నారు. వాళ్లలో ఎక్కువమంది వయసుడిగిన ఫిలిప్పీనోలు, చైనీయులు. పొలాల్లో, ఓడల్లో, వంటశాలల్లో ఒళ్లు అరగదీసుకుని, చివరికి ఒక్కో చిన్న గదిలో కాలం వెళ్లదీస్తున్నవాళ్లు. పోలీసులు గుర్రాలతో జనాన్ని తొక్కుకుంటూ వచ్చారు. వాళ్ల వెంట షెరిఫ్ రిచర్డ్ హాంగిస్టో. ఈ ముసలివాళ్లను వెళ్లగొట్టనని మొరాయించి, కోర్టు ధిక్కారం కింద అయిదు రోజులు జైల్లో ఉన్నది ఆయనే. ఆ రాత్రి మాత్రం తానే సుత్తి పట్టి తలుపులు పగలగొట్టాడు. తెల్లారేసరికి అందరూ వీధిలో ఉన్నారు.

1968లో ఆ స్థలంలో పార్కింగ్ గ్యారేజీ కట్టాలన్న ఆలోచనతో మొదలైన తగాదా ఇది. అద్దెదారుల తప్పేమిటో ఎవరూ చూపనక్కర్లేకపోయింది. నెలవారీ అద్దెకున్నవాళ్లకు ముప్పై రోజుల నోటీసు ఇస్తే చాలు, ఎందుకో చెప్పే పని లేదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం అంతే.

హోటల్ ఖాళీ అయిన మరుసటి ఏడు, 1978 జూన్‌లో, కాలిఫోర్నియా ఓటర్లు 13వ ప్రతిపాదనను గెలిపించారు. ఇళ్ల మీద పన్ను బాగా తగ్గింది. ఆ లాభంలో కొంత తమకూ దక్కుతుందని అద్దెకున్నవాళ్లు ఆశపడ్డారు. చాలా చోట్ల అద్దెలు తగ్గకపోగా పెరిగాయి. 1979లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఏంజెలో సాంజియాకొమో అనే పెద్ద ఓనరు తన భవనాలన్నిటా ఒక్కసారిగా అద్దెలు పెంచేసరికి ఊరు భగ్గుమంది. అద్దెదారుల సంఘాలు మరింత గట్టి చట్టం కోసం ఓటింగుకు సిద్ధమవుతుంటే, నగర పాలకులు ముందే మేలుకొని ఆ జూన్‌లోనే అద్దె చట్టం తెచ్చారు. అప్పుడు మేయరు డయాన్ ఫైన్‌స్టైన్.

అద్దెకు హద్దు పెడితే సరిపోతుందా? పాతవాళ్ల అద్దెను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు; ఇల్లు ఖాళీ అయితే కొత్తవాళ్ల దగ్గర ఎంతైనా అడగొచ్చు. అలాంటప్పుడు పాతవాళ్లను సాగనంపడమే ఓనరుకు లాభం. అందుకే చట్టంలో రెండో తాళం కూడా బిగించారు: ఖాళీ చేయించాలంటే చట్టం ఒప్పుకున్న కారణాల్లో ఒకటి చూపాలి. అద్దె కట్టకపోవడం, ఒప్పందం మీరడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం అద్దెదారు తప్పులు. ఓనరే వచ్చి కాపురం పెట్టడం, భవనం కూల్చడం అతని అవసరాలు. ఇప్పుడా జాబితాలో పదహారు కారణాలున్నాయి. తానే ఉంటానని ఖాళీ చేయించిన ఓనరు నిజంగానే మూడేళ్లు అక్కడ ఉండాలి. తప్పు లేకుండా పంపితే చాలా సందర్భాల్లో ఇల్లు మారే ఖర్చు కూడా ఇవ్వాలి.

ఈ ఆలోచన ఒక్క ఊరిదే కాదు. న్యూజెర్సీ 1974లోనే రాష్ట్రమంతటికీ ఇలాంటి చట్టం తెచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ 1960 అద్దె నియంత్రణ చట్టంలోనూ పదో సెక్షన్ కారణాలను వరసగా చెప్పింది.

సందులు వెతికేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అద్దె వ్యాపారం మానేస్తానన్న ఓనరును ఊరు ఆపకూడదంటూ 1985లో కాలిఫోర్నియా ఎల్లిస్ చట్టం తెచ్చింది. దాని చాటున ఎన్నో ఇళ్లు ఖాళీ అయ్యాయి. మరోవైపు 2020 నుంచి, ఏడాదికి పైగా ఉన్న చాలామంది అద్దెదారులకు రాష్ట్రమంతటా కారణం చెప్పాలన్న నియమం వర్తిస్తోంది.

కారణం అడిగే చట్టం ఓనరు ఆస్తిని లాక్కోదు, అద్దె ఎగ్గొట్టేవాణ్ణి కాపాడదు. ఒక కుటుంబాన్ని కదిలించే ముందు ఎందుకో చెప్పమంటుంది, ఆ మాటను కోర్టులో నిరూపించమంటుంది. పిల్లల బడి, పెద్దల వైద్యం, ఇరుగుపొరుగు తోడు అన్నీ ఆ ఇంటి చుట్టూ అల్లుకున్నవే. వాటిని తెంచమనే మనిషిని కారణం అడిగే హక్కు అద్దెకున్న ప్రతివాడికీ ఉండాలి.