ఇంట్లోనే పండ్ల ఐస్ టీ: కొలతలు, పద్ధతులు, జాగ్రత్తలు

ఎండాకాలం మధ్యాహ్నం పూట ఇంటికి మెహమాన్లు వస్తే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి కిరాణా షాపుకు పంపుతారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా వస్తుంది. ఆ ఎండలో వేడి చాయ్ ఇవ్వడానికి మనసొప్పదు, షర్బత్ కలిపే తీరిక ఉండదు. కానీ ఇంట్లో ఎప్పుడూ ఉండే చాయ్‌పత్తీ, రెండు నిమ్మకాయలు, కాస్త పుదీనా, ఏదో ఒక పండు ఉంటే అరగంటలో నలుగురికి సరిపడా ఐస్ టీ తయారవుతుంది. ఖర్చూ తక్కువే. అసలు లాభం మాత్రం చక్కెర దగ్గర ఉంది.

కూల్‌డ్రింకుల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల గ్లాసు ఒక్కటి తాగితే 25 గ్రాములు, దాదాపు ఆరు చెంచాలు. పెద్దవాళ్లు రోజుకు తీసుకునే 2,000 క్యాలరీల ఆహారంలో విడిగా కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక్క గ్లాసుతోనే ఆ 25 గ్రాములు పూర్తయిపోతాయి. ఇంట్లో చేసే ఐస్ టీలో లీటరుకు నాలుగు చెంచాల చక్కెర వేస్తే గ్లాసుకు ఒక చెంచా, అంటే నాలుగు గ్రాములే పడుతుంది. ఎంత వేయాలన్నది చేసేవాళ్ల చేతిలో ఉంటుంది.

ఐస్ టీ ఎక్కడిది?

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో భారతదేశపు తేయాకు ప్రచారం కోసం రిచర్డ్ బ్లెషిండెన్ ఒక స్టాల్ నడిపారు. ఎండ మండిపోతుంటే వేడి టీ వైపు ఎవరూ చూడలేదని, దాంతో ఆయన టీలో ఐసు వేసి ఇచ్చారని, ఐస్ టీ అలా పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఐస్ టీ అంతకు ముందే ఉంది. 1879లో అచ్చయిన ‘హౌస్‌కీపింగ్ ఇన్ ఓల్డ్ వర్జీనియా’ అనే వంటల పుస్తకంలోనే దాని తయారీ విధానం కనిపిస్తుంది. సెయింట్ లూయిస్ ప్రదర్శన దాన్ని మరింత మందికి పరిచయం చేసింది.

మన ఇళ్లకు ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. పాలు లేకుండా నిమ్మరసం పిండి ఇచ్చే సులేమానీ చాయ్ గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఆ సులేమానీని చల్లార్చి, పండు చేర్చి, ఐసు వేస్తే అదే పండ్ల ఐస్ టీ.

ఏ పత్తీ, ఏ నీళ్లు?

రోజూ చాయ్‌కి వాడే గుళికల పత్తీ పనికొస్తుంది. కాకపోతే అది త్వరగా దిగుతుంది, రంగు, వగరు రెండూ ఎక్కువ. పొడవాటి ఆకు టీ అయితే రుచి తేలికగా ఉంటుంది, పండు వాసన బాగా తెలుస్తుంది. గ్రీన్ టీ కూడా వాడుకోవచ్చు.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఉప్పదనం, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లతో చేస్తే టీ మీద తెట్టులా తేలుతుంది, రంగు మబ్బుగా మారుతుంది. ఫిల్టర్ చేసిన నీళ్లు మంచివి. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉన్న ఊళ్లలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అలాంటి చోట చాయ్‌కైనా, ఐస్ టీకైనా శుద్ధి చేసి సరఫరా చేసే నదీ జలాలే వాడాలి.

గిన్నె స్టీలుదైతే సరిపోతుంది. ఇనుప గిన్నెలో కాస్తే టీ సిరాలా నల్లబడుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిమ్మ, చింతపండు లాంటి పులుపు కలపకూడదు.

వేడి పద్ధతి: అరగంటలో

ఒక లీటరు ఐస్ టీకి కావాల్సినవి: నీళ్లు అర లీటరు, గుళికల పత్తీ 3 చెంచాలు (ఆకు టీ అయితే 4 లేదా 5), చక్కెర 4 చెంచాలు, మిగతా అర లీటరుకు ఐసు, చల్లటి నీళ్లు.

నీళ్లు బాగా మరగనిచ్చి స్టవ్ ఆపేయాలి. ఆ తర్వాతే పత్తీ వేసి మూత పెట్టాలి. ఇరానీ చాయ్‌కి కాచినట్టు పత్తీని నీళ్లలో ఉడికించకూడదు. గుళికల పత్తీ అయితే రెండు, మూడు నిమిషాలు, ఆకు టీ అయితే నాలుగు నిమిషాలు చాలు. గ్రీన్ టీకి మరిగిన నీళ్లను మూడు, నాలుగు నిమిషాలు ఆరనిచ్చి, ఆకు వేసి రెండు నిమిషాల్లోనే వడకట్టాలి. టైమ్ దాటితే వగరు, చేదు దిగుతాయి. చల్లగా అయ్యాక ఆ చేదు పోగొట్టడానికే అందరూ చక్కెర ఎక్కువ వేస్తారు.

వడకట్టిన డికాక్షన్ వేడిగా ఉన్నప్పుడే చక్కెర కలపాలి. చల్లారాక వేస్తే సరిగ్గా కరగదు, అడుగున మిగిలిపోతుంది. గోరువెచ్చగా అయ్యాక చల్లటి నీళ్లు పోసి, పండు చేర్చి, ఇచ్చే ముందు ఐసు వేయాలి. ఐసు కరిగి పలచబడుతుంది కాబట్టే డికాక్షన్ మొదట రెట్టింపు చిక్కగా తీస్తున్నాం. వేడి డికాక్షన్‌ను గాజు జగ్గులో ఒకేసారి పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ సీసాలో అసలు పోయొద్దు.

చల్లటి పద్ధతి: రాత్రి పెడితే పొద్దునకు

తీరిక ఉన్నప్పుడు ఇదే మంచి పద్ధతి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 4 లేదా 5 చెంచాల ఆకు టీ వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో 8 నుంచి 10 గంటలు ఉంచాలి. పొద్దున వడకట్టుకుంటే చాలు. చల్లటి నీళ్లలో వగరు తక్కువగా దిగుతుంది కాబట్టి చక్కెర లేకుండానే తాగొచ్చు.

ఇంటర్నెట్‌లో కొందరు సీసాను ఎండలో పెట్టి టీ చేయడం చూపిస్తారు. అది వద్దు. ఎండలో నీళ్లు వేడెక్కుతాయి గానీ క్రిములు చచ్చేంత వేడి రాదు. ఆ గోరువెచ్చని నీళ్లలో అవి ఇంకా పెరుగుతాయి.

ఏ పండు ఎలా వేయాలి?

నిమ్మ: రసం ఐసు వేసే ముందు పిండాలి. నిమ్మ పడగానే టీ రంగు లేతబడుతుంది. అది టీలోని రంగు పదార్థాలపై పులుపు చూపే ప్రభావమే, పాడవడం కాదు.

మామిడి: బంగినపల్లి గుజ్జు నున్నగా కలుస్తుంది. రసాలైతే పీచు ఉంటుంది, వడకట్టాలి.

బత్తాయి: రసం తీసి నిలవ ఉంచితే చేదెక్కుతుంది. తాగే ముందే పిండి కలపాలి. గింజలు నలగకుండా చూసుకోవాలి.

దానిమ్మ: గింజలు మెత్తగా నలిపి జల్లెడలో వడకట్టాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే లోపలి విత్తనాలు నలిగి రుచి చెడుతుంది.

పుచ్చకాయ: తొందరగా పాడవుతుంది. ముక్కలు కోసి డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి ఐసుకు బదులు వేస్తే టీ పలచబడదు.

పైనాపిల్, జామ, ద్రాక్ష, నేరేడు కూడా బాగుంటాయి. అరటి, సీతాఫలం, సపోటా దీనికి పనికిరావు, టీ జిగటగా, మబ్బుగా మారుతుంది.

పండ్లు కోసే ముందు నీళ్లలో బాగా కడగాలి, తొక్క తీసే పండైనా సరే. కత్తి తొక్క మీది మట్టిని లోపలికి తీసుకెళుతుంది. మామిడి కాయలను కార్బైడ్‌తో మగ్గబెట్టడం దేశంలో నిషేధం. అయినా అనుమానం ఉంటే పచ్చివి కొని ఇంట్లో గడ్డిలో మగ్గబెట్టుకోవడం మేలు.

నాలుగు రకాలు, లీటరు కొలతతో

1. నిమ్మ, పుదీనా: పైన చెప్పిన డికాక్షన్, 2 నిమ్మకాయల రసం, పదిహేను పుదీనా ఆకులు. ఆకుల్ని అరచేతిలో వేసి ఒక్కసారి చరిచి వేస్తే వాసన బాగా వస్తుంది. రుబ్బితే పసరు వాసన కొడుతుంది.

2. మామిడి: అర కప్పు గుజ్జు, ఒక నిమ్మకాయ రసం, రెండు యాలకులు. పండు తియ్యగా ఉంటే చక్కెర అక్కర్లేదు.

3. దానిమ్మ, అల్లం: ఒక పెద్ద దానిమ్మ రసం, వేడి డికాక్షన్‌లో వేసిన అంగుళం అల్లం ముక్క, చిటికెడు నల్ల ఉప్పు.

4. పిల్లలకు గోంగూర పూల టీ: ఇందులో తేయాకు ఉండదు, కాబట్టి కెఫీన్ కూడా ఉండదు. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుల్లని రేకుల్ని ఎండబెట్టి ఉంచుకుంటారు. ఈజిప్టు, సూడాన్‌లలో వీటితో చేసేదే కర్కదే. నాలుగు చెంచాల ఎండు రేకులు అర లీటరు మరిగిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వడకట్టి, చక్కెర, చల్లటి నీళ్లు కలిపితే మంచి ఎర్రటి షర్బత్‌లా ఉంటుంది. బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు దీన్ని డాక్టర్‌ను అడిగాకే తాగాలి.

ఏ రకంలోనైనా సబ్జా వేసుకోవచ్చు. ఒక చెంచా గింజల్ని కప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి, పూర్తిగా ఉబ్బాకే కలపాలి.

టీ మబ్బుగా మారితే?

డికాక్షన్ ఫ్రిజ్‌లో పెట్టగానే కొన్నిసార్లు తేటదనం పోయి మబ్బుగా కనిపిస్తుంది. కెఫీన్, టీలోని వగరు పదార్థాలు చల్లదనానికి ఒకదానితో ఒకటి పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. పాడైనట్టు కాదు. కొంచెం వేడి నీళ్లు కలిపితే మళ్లీ తేటబడుతుంది. ఇలా కాకుండా ఉండాలంటే డికాక్షన్ బయటే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. కానీ పుల్లటి వాసన, జిగట, పైన నురగ కనిపిస్తే అది నిజంగానే పాడైనట్టు. పారబోయాలి.

ఎవరు, ఎప్పుడు, ఎంత?

చల్లగా, తియ్యగా ఉంది కదా అని ఐస్ టీని మంచినీళ్లలా తాగడం సరికాదు. అది కూడా చాయే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు దాటకూడదు. గర్భిణులు 200 మిల్లీగ్రాముల లోపే ఆగాలని పలు దేశాల వైద్య సంస్థలు చెబుతున్నాయి.

భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగొద్దని కూడా ఆ మార్గదర్శకాలు చెప్పాయి. టీలోని టానిన్లు ఆహారంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే ఐరన్ మాత్రలు వేసుకునే అమ్మాయిలు, తల్లులు మాత్రను టీతో మింగకూడదు. దావత్‌లో కూడా బిర్యానీ పక్కన ఐస్ టీ పెట్టకుండా, తిన్న గంటకు ఇస్తే మంచిది. ఇఫ్తార్‌లోనూ అంతే. రోజంతా దాహంతో ఉన్న ఒంటికి మొదట మంచినీళ్లే కావాలి. ఐస్ టీ తరవాత ఒక గ్లాసు చాలు, లేదంటే రాత్రి నిద్ర పట్టదు, సహర్‌కు లేవడం కష్టమవుతుంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. టీలో ఆక్సలేట్ ఉంటుంది. అమెరికాలో రోజుకు పదహారు గ్లాసుల ఐస్ టీ తాగిన 56 ఏళ్ల వ్యక్తికి దాని వల్లే కిడ్నీలు దెబ్బతిన్నట్టు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డాక్టర్లు రాశారు. ఒకటి, రెండు గ్లాసులతో అలా జరగదు. కానీ ఇప్పటికే రాళ్ల సమస్య ఉంటే డాక్టర్‌ను అడగాలి.

షుగర్ ఉన్నవాళ్లకు పండు రసం కన్నా ముక్కలు వేసి ఇవ్వడం మేలు. రసం తీస్తే పీచు పోయి చక్కెర మిగులుతుంది. నిమ్మ, పుదీనా రకం చక్కెర లేకుండా వాళ్లకు బాగా సరిపోతుంది. దుకాణాల్లో దొరికే ఐస్ టీ పొడులు కొనే ముందు ప్యాకెట్ వెనక చూడాలి. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. చక్కెర పేరు మొదట ఉంటే ఆ ప్యాకెట్‌లో ఎక్కువగా ఉన్నది చక్కెరే.

ఐసు, నిల్వ

చాలా ఇళ్లలో అన్నీ శుభ్రంగా చేసి ఐసు దగ్గర తప్పు చేస్తారు. బజారులో దొరికే పెద్ద ఐసు దిమ్మలు చాలావరకు చేపలు, సరుకులు చల్లగా ఉంచడానికి తయారైనవి. అవి ఏ నీళ్లతో చేశారో తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములన్నీ చావవు. పెళ్లిళ్లకు, దావత్‌లకు ఎక్కువ ఐసు కావాల్సి వస్తే ఆ దిమ్మల మీద సీసాలు, గిన్నెలు పెట్టి చల్లబరచాలి గానీ గ్లాసులో వేయకూడదు. ఇంటి వాడకానికి కాచి చల్లార్చిన నీళ్లతో ట్రేలో చేసుకున్న ఐసు చాలు. మిగిలిన డికాక్షన్‌నే ట్రేలో పోసి గడ్డకట్టిస్తే ఇంకా మంచిది, కరిగినా రుచి తగ్గదు.

పండు కలపని డికాక్షన్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. పండు కలిపాక అదే రోజు తాగేయాలి. ఎండాకాలంలో బయట గంట కన్నా ఎక్కువ ఉంచొద్దు. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోతే పండు కలిపినదాన్ని దాచుకోకుండా పారబోయడమే మంచిది. అందుకే డికాక్షన్ ఒక్కటే ఫ్రిజ్‌లో సిద్ధంగా పెట్టుకుని, పండు ఎప్పటికప్పుడు కోసి కలుపుకోవాలి. అలా పెట్టుకున్న ఇంట్లో మెహమాన్లు వచ్చినా ఐదు నిమిషాల్లో గ్లాసులు నిండుతాయి, పిల్లాణ్ని ఎండలో షాపుకు పంపే పని ఉండదు.