ఎవరి తప్పు ఏ చిట్టాలో రాస్తారు? అమెరికా సైనిక డాక్టర్ల రికార్డుల కథ

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీ టైంలో వినడం కుదరలేదని చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అందుకే అందులో చెప్పిందంతా కొంచెం సర్ది ఇక్కడ రాసి పెడుతున్నాను. రూమ్‌కి పోయాక తీరిగ్గా చదువుకోండి.

ముందు నా సంగతి చెప్తాను, ఈ విషయం మీదికి నా ధ్యాస ఎందుకు పోయిందో తెలియాలి కదా. కువైట్‌కి వచ్చిన కొత్తలో ఒక సబ్‌కాంట్రాక్ట్ కంపెనీ కింద అమెరికా సైనిక క్యాంపు మెస్‌లో పని చేశాను. లోపలికి పోవాలంటే ముందు వేలిముద్రలు, ఫోటో, కంటి స్కాన్ అన్నీ తీసుకున్నారు. ఒకరోజు కంపెనీ బస్సే లేటుగా వచ్చింది. వార్నింగ్ లెటర్ మాత్రం మా పేర్ల మీద వచ్చింది. ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. సూపర్‌వైజర్ సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. రెండేళ్ళ తర్వాత వేరే కంపెనీకి మారుదామని పోతే, వాళ్ళు నా ఫైలు తిప్పి "నీ మీద రిమార్క్ ఉంది కదా" అన్నారు. నాకంటే ముందే ఆ కాగితం అక్కడికి చేరింది.

మా మెస్‌కి ఎదురుగానే క్యాంపు క్లినిక్ ఉండేది. ఆ రోజు రూమ్‌లో అడిగాను, బస్సు లేటయినందుకు నాకే ఇంత ఫైలు ఉంటే, ఆ డాక్టర్లకు ఎట్లా ఉంటుందో అని. మా జగిత్యాల అన్న నవ్వి, "పెద్దోళ్ళ ఫైళ్ళు అల్మారలనే ఉంటయి తమ్మీ, బయటికి రావు" అన్నాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. తర్వాత చాలా ఏళ్ళకు ఈ పాడ్‌కాస్ట్ కోసం చదవడం మొదలుపెడితే, అన్న మాటలో ఎంత నిజం ఉందో, ఎంత లేదో తెలిసింది. ఆ కథ ఇది.

కడుపులో తువ్వాలు

కథ 1950 దగ్గర మొదలవుతుంది. ఆ సంవత్సరం డిసెంబరు 4న అమెరికా సుప్రీంకోర్టు మూడు కేసులు కలిపి ఒకే తీర్పు ఇచ్చింది. మొదటిది ఫెరెస్ అనే సైనికుడిది. న్యూయార్క్ రాష్ట్రంలోని పైన్ క్యాంప్‌లో బ్యారక్స్‌కి నిప్పు అంటుకుని చనిపోయాడు. రెండోది జెఫర్సన్ అనే సైనికుడిది. సైన్యంలో ఉండగా కడుపుకి ఆపరేషన్ చేశారు. సుమారు 8 నెలల తర్వాత, సైన్యం నుంచి బయటికొచ్చాక, ఇంకో ఆపరేషన్ చేస్తే కడుపులోంచి ఒక తువ్వాలు బయటపడింది. 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు. దాని మీద అమెరికా సైన్యం వైద్య విభాగం ముద్ర కూడా ఉంది. ఎవరి తప్పో తువ్వాలే చెప్తోంది! మూడోది గ్రిగ్స్ అనే అధికారిది. సైనిక డాక్టర్ల నిర్లక్ష్యం వల్లే చనిపోయాడని అతని తరఫు వాళ్ళు వేసిన కేసు.

కోర్టు ఏమందంటే, సర్వీసులో ఉండగా సర్వీసుకు సంబంధించి జరిగిన హానికి సైనికుడు ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేయడానికి వీల్లేదు. పెన్షన్, వైకల్య భత్యం లాంటివి వేరే ఉన్నాయి, అవి తీసుకోవాలి. దీన్నే ఫెరెస్ సిద్ధాంతం అంటారు.

ఇది దావాల సంగతి కదా, రికార్డులకూ దీనికీ ఏం సంబంధం అనుకోవచ్చు. చాలా ఉంది. బయటి ఆసుపత్రిలో డాక్టరు తప్పు చేస్తే రోగి కేసు వేస్తాడు. వకీలు కాగితాలు అడుగుతాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బు కడతారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం పుడుతుంది. సైనికుడికి ఆ మొదటి మెట్టే లేదు. దావా లేకపోతే పరిహారం లేదు, పరిహారం లేకపోతే దాన్ని చూపించే కాగితమూ లేదు.

బెథెస్డా కేసు

ఇక 1980ల్లోకి వద్దాం. వాషింగ్టన్ పక్కనే బెథెస్డాలో అప్పట్లో నౌకాదళం పెద్ద ఆసుపత్రి ఉండేది. అమెరికా అధ్యక్షులు వైద్యం చేయించుకునే చోటు. అక్కడ గుండె ఆపరేషన్ల విభాగానికి 1983లో డొనాల్ బిల్లిగ్ అనే సర్జన్ అధిపతి అయ్యాడు. తర్వాత బయటపడిన సంగతులు ఏమిటంటే, అంతకుముందు న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ఆయన్ని తొలగించింది. ఒక కంటి చూపు బాగా దెబ్బతిని ఉంది. ఇవన్నీ గట్టిగా విచారించకుండానే నౌకాదళం ఆయన్ని చేర్చుకుంది.

రోగుల మరణాల మీద కోర్టు మార్షల్ జరిగింది. 1986 ఫిబ్రవరిలో దోషి అన్నారు, నాలుగేళ్ళ శిక్ష వేశారు. 1988లో పై సైనిక న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది, ఆయన విడుదలయ్యాడు. కాబట్టి ఆయన్ని నేరస్థుడు అని మనం అనకూడదు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఆ కేసుతో పోలేదు: ఒకచోట తీసేసిన డాక్టరు ఇంకోచోట పెద్ద కుర్చీలో కూర్చునేదాకా ఎవరికీ ఎట్లా తెలియలేదు?

నా బస్సు లేటు సంగతి రెండేళ్ళయినా నన్ను వదల్లేదు. అది గుర్తొచ్చి ఈ భాగం చదువుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఒకే రోజు, రెండు చట్టాలు

ఈ సమస్య సైన్యానికి మాత్రమే కాదు. అమెరికాలో డాక్టరు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. ఒక రాష్ట్రంలో పేరు చెడితే ఇంకో రాష్ట్రానికి పోయి బోర్డు పెట్టుకోవచ్చు. దీన్ని ఆపడానికి అమెరికా కాంగ్రెస్ 1986లో ఒక చట్టం చేసింది. దాని కింద నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ అనే కేంద్ర చిట్టా వచ్చింది. అది 1990 సెప్టెంబరు 1న పని మొదలుపెట్టింది.

దాని పద్ధతి ఇది. డాక్టరు తరఫున నష్టపరిహారం కడితే, ఆ సంగతి చిట్టాకి పంపాలి. ఒక ఆసుపత్రి డాక్టరుకి వైద్యం చేసే అనుమతిని 30 రోజులకు మించి ఆపితే పంపాలి. విచారణ నడుస్తుండగా డాక్టరు తనంతట తానే అనుమతి వదులుకుని పోయినా పంపాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే "రాజీనామా చేసి వెళ్ళిపో, మేం ఏమీ రాయం" అనే బేరం అన్ని దేశాల్లోనూ ఉంది. కొత్తగా డాక్టర్ని పెట్టుకునేటప్పుడు, తర్వాత ప్రతి రెండేళ్ళకూ, ఆసుపత్రి ఆ చిట్టా చూసి తీరాలి.

ఇప్పుడు తారీఖు చూడండి. ఈ చట్టం మీద అధ్యక్షుడు రీగన్ సంతకం పడింది 1986 నవంబరు 14న. అది 99వ కాంగ్రెస్‌లో 660వ చట్టం. అదే రోజు, దాని వెనకే, 661వ చట్టం మీద కూడా సంతకం పడింది. అది రక్షణ శాఖ చట్టం. అందులో ఒక సెక్షన్ ఏమంటుందంటే, సైనిక ఆసుపత్రుల్లో వైద్య నాణ్యత మీద లోపల జరిగే సమీక్షల కాగితాలు రహస్యం. కోర్టులో అడగడానికి వీల్లేదు. బయటపెట్టిన వాళ్ళకు మొదటిసారి 3,000 డాలర్ల దాకా, తర్వాత 20,000 డాలర్ల దాకా జరిమానా.

న్యాయంగా చెప్పాలంటే, ఈ రహస్యానికీ ఒక కారణం ఉంది. డాక్టర్లు నలుగురు కూర్చుని "ఇక్కడ మనం తప్పు చేశాం" అని ఒప్పుకోవాలంటే, ఆ మాట రేపు కోర్టులో తమ మీదికే వస్తుందనే భయం ఉండకూడదు. బయటి ఆసుపత్రులకు కూడా చాలా రాష్ట్రాల్లో ఇట్లాంటి రక్షణ ఉంది. లైసెన్సు బోర్డులకు సమాచారం ఇవ్వడానికి కూడా ఆ సెక్షన్‌లోనే దారి ఉంది. కానీ బయటి రోగికి ఆ తలుపు మూసినా, దావా అనే ఇంకో తలుపు ఉంది. సైనికుడికి దావా తలుపు 1950లోనే మూసేశారు, సమీక్ష తలుపు 1986లో మూసేశారు.

రాసేది ఎవరు?

సైనిక డాక్టర్ల పేర్లు కేంద్ర చిట్టాకి అసలు పోవా అంటే, పోతాయి. 660వ చట్టంలోనే ఆరోగ్య శాఖ, రక్షణ శాఖ ఒప్పందం చేసుకోవాలని రాశారు, చేసుకున్నాయి. కానీ ఒక తేడా ఉంది. బయట డబ్బు కట్టారంటే చాలు, తప్పు ఉందా లేదా అన్న చర్చ లేకుండా డాక్టరు పేరు పోతుంది. సైన్యంలో ప్రభుత్వం డబ్బు కట్టాక మళ్ళీ ఒక సమీక్ష జరుగుతుంది. డాక్టరు ప్రమాణాల ప్రకారం వైద్యం చేశాడా లేదా అని చూస్తారు. పేరు పంపాలా వద్దా అని చాలాకాలం నిర్ణయించింది ఆయా దళాల సర్జన్ జనరల్ ఆఫీసులే. అంటే ఆ డాక్టర్ల పై అధికారులే.

1997లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ డైలీ న్యూస్ అనే పత్రిక సైనిక వైద్యం మీద వరసగా కథనాలు వేసింది. మామూలు లైసెన్సు పరీక్ష పాస్ కాని కొందరు డాక్టర్లు ప్రత్యేక లైసెన్సులతో సైనికులకు వైద్యం చేస్తున్నారని బయటపెట్టింది. ఆ కథనాలకు 1998లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత కాంగ్రెస్ సైనిక డాక్టర్లకు ఏ షరతులూ లేని పూర్తి లైసెన్సు ఉండాలని చట్టం సవరించింది. ఇది జరిగింది లోపలి రికార్డు వల్ల కాదు, ఓపిగ్గా కాగితాలు వెతికిన విలేకరుల వల్ల.

సైన్యం నుంచి రిటైరైన వాళ్ళకు వేరే ఆసుపత్రులు ఉంటాయి, వాటిని వెటరన్స్ శాఖ నడుపుతుంది. 2017 నవంబరులో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ అట్లాంటి ఐదు ఆసుపత్రుల రికార్డులు చూసింది. చిట్టాకి పేరు పంపాల్సిన వాళ్ళు 9 మంది తేలారు. వాళ్ళలో 8 మంది పేర్లు పంపనే లేదు. రాష్ట్ర లైసెన్సు బోర్డులకైతే తొమ్మిదిలో ఒక్క పేరూ పోలేదు. చిట్టా పెట్టి అప్పటికి 27 ఏళ్ళు. చట్టం ఉంది, ఫారం ఉంది, కంప్యూటర్ ఉంది. రాయాల్సిన చెయ్యి కదల్లేదు.

ఇంకో సంగతి. ఈ కేంద్ర చిట్టాను రోగులు చూడలేరు. ఆసుపత్రులు, లైసెన్సు బోర్డులు లాంటివి మాత్రమే చూడాలి. కానీ డాక్టరు, నర్సు తమ పేరు మీద ఏముందో తామే అడిగి చూసుకోవచ్చు. కొత్తగా ఏమైనా రాస్తే వాళ్ళకు కబురు వస్తుంది. అది తప్పయితే అభ్యంతరం చెప్పొచ్చు, తమ వాదన కూడా పక్కనే రాయించొచ్చు.

2019లో ఒక కిటికీ

ఫెరెస్ తీర్పు తర్వాత 69 ఏళ్ళకు చిన్న మార్పు వచ్చింది. రిచర్డ్ స్టేస్కల్ అనే సైనికుడి ఊపిరితిత్తుల్లో కణితి 2017 స్కాన్‌లోనే కనిపించినా, సైనిక ఆసుపత్రిలో ఆయనకు చెప్పలేదు. నెలల తర్వాత బయటి డాక్టరు చెప్తే తెలిసింది, అప్పటికి క్యాన్సర్ ముదిరింది. ఆయన జబ్బుతోనే కాంగ్రెస్ చుట్టూ తిరిగాడు. 2019 డిసెంబరు 20న సంతకమైన రక్షణ చట్టంలో, సైనిక ఆసుపత్రుల్లో జరిగిన వైద్య నిర్లక్ష్యానికి సైనికులు పరిహారం అడిగే వీలు పెట్టారు. కోర్టుకి పోవడానికి మాత్రం ఇప్పటికీ లేదు. అర్జీ పెట్టేదీ, తీర్పు చెప్పేదీ ఆ రక్షణ శాఖ దగ్గరే. అయినా అర్జీ అంటూ పెడితే ఒక కాగితం పుడుతుంది. 1950లో జెఫర్సన్‌కి దొరకనిది అదే.

మన ఫైలు మాటేంటి?

జగిత్యాల అన్న మాట సగం నిజమే. పెద్దవాళ్ళ ఫైళ్ళూ బయటికి వస్తాయి, కానీ రాయాల్సిన వాళ్ళు రాస్తేనే, అడిగే వాళ్ళు గట్టిగా అడిగితేనే. మన సంగతి దీనికి తలకిందులు. సౌదీలో హురూబ్ అయినా, ఇక్కడ అబ్‌స్కాండింగ్ కేసు అయినా, యజమాని రాసిందే ముందు రికార్డులోకి ఎక్కుతుంది. చాలామందికి చెకింగ్‌లో దొరికినప్పుడే ఆ సంగతి తెలుస్తుంది. డాక్టరు తప్పు రాయడానికి మూడు సమీక్షలు, మన తప్పు రాయడానికి ఒక్క సంతకం.

నాకు డాక్టర్ల మీద కోపం లేదు. వాళ్ళకు ఇచ్చిన హక్కులు మంచివే: రాస్తే చెప్పాలి, చూసుకోనివ్వాలి, జవాబు చెప్పుకోనివ్వాలి. అవే మూడూ మనకు కూడా కావాలి అంటాను. ఎవరి రికార్డయినా న్యాయంగా ఉండాలంటే ఈ మూడూ ఉండాలి. వాటితోపాటు, రాయాల్సింది రాయకుండా దాచేవాళ్ళను అడిగే నాథుడు కూడా ఉండాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ఫోటో తీసుకోండి, చదివి చెప్పే మనిషిని వెతకండి. వార్నింగ్ లెటర్ ఇస్తే కాపీ అడగండి, బస్సు లేటయితే లేటయిందని మెసేజ్ పెట్టి దాచుకోండి. నర్సింగ్‌లో ఉన్న అక్కలు, పాత చోటు వదిలేముందే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ తీసి పెట్టుకోండి. తర్వాత అడిగితే ఎవరు ఇస్తారో, ఎవరు ఇవ్వరో మీకు నాకంటే బాగా తెలుసు.

మీ ఫైలులో మీకు తెలియకుండా ఎవరైనా ఏమైనా రాసిన అనుభవం ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేర్లు చెప్పొద్దు, కంపెనీ పేరు కూడా వద్దు, సంగతి చాలు. ఉంటాను మరి, జాగ్రత్త.