జువాలజీ పంతులమ్మ ఫిజిక్స్ చెబితే

(ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



సెప్టెంబరు వచ్చిందంటే చాలు, గుళ్ళోనో ఎవరింటి పేరంటంలోనో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి అడుగుతుంది: "ఏవండీ, మా వాడికి ఈ ఏడు ఫిజిక్స్ చెప్పే ఆవిడ అసలు బయాలజీ టీచరట. ట్యూషన్ పెట్టించమంటారా?" అడిగేవాళ్ళకి తెలియని సంగతేమిటంటే, నేనూ ఆ బాపతు మనిషినే. గుంటూరులో బి.జడ్.సి. చదివి, బి.ఎడ్. చేసి, పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చి, ఇక్కడి సర్టిఫికెట్టు సంపాదించుకుని బయాలజీ చెప్పడం మొదలుపెట్టాను. ఫిజిక్స్ ఆ తర్వాత నేర్చుకున్నాను, అదీ ఉద్యోగం చేసుకుంటూ, నలభై దాటాక. బైపీసీలో ఇంటర్ దాకా ఫిజిక్స్ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్ పాసవడం వేరు, పదిహేనేళ్ళ పిల్లల ముందు నిలబడి వాళ్ళడిగే ప్రశ్నలకి తట్టుకోవడం వేరు.

ఒక సబ్జెక్టు టీచరుకి ఇంకో సబ్జెక్టు నేర్పి పాఠం చెప్పించడం ఇప్పుడు కొత్తగా వచ్చిన చోద్యం కాదు. దానికి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక పాయ మన ఊళ్ళ దాకా పారింది కూడా. ఇవాళ ఆ కథ చెబుదామని వచ్చాను.

ముందు ఒక లెక్క. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ వాళ్ళు 2012-13లో చేసిన సర్వే ప్రకారం ఈ దేశపు హైస్కూళ్ళలో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు సుమారు 27,000 మంది. వాళ్ళలో ఫిజిక్స్‌లో గానీ, ఫిజిక్స్ బోధనలో గానీ డిగ్రీ ఉన్నవాళ్ళు సగం కన్నా తక్కువే. మిగతావాళ్ళంతా కెమిస్ట్రీ, బయాలజీ, లెక్కలు, ఇంజనీరింగు చదివొచ్చినవాళ్ళు. ఎందుకంటారా? ఫిజిక్స్ బాగా వచ్చినవాడికి బయట ఇంతకన్నా ఎక్కువ జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి. పైగా చిన్న స్కూల్లో ఏడాదికి ఒకటో రెండో ఫిజిక్స్ సెక్షన్లుంటాయి. దానికోసం ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టుకోరు. ఉన్న కెమిస్ట్రీ ఆయనకే అప్పజెబుతారు. అంటే మన పిల్లవాడి టీచరు విషయంలో ఏదో అన్యాయం జరిగిపోయిందని కాదు, ఇక్కడ మామూలుగా జరిగేదే అది అన్నమాట.

ఇక చరిత్రలోకి వద్దాం. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పుట్టింది 1950లో. హైస్కూలు టీచర్ల కోసం వేసవి ఇన్‌స్టిట్యూట్లకి అది డబ్బివ్వడం మొదలైంది 1954లో. చాలామంది ఇదంతా 1957 అక్టోబరు 4న రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేసిన తర్వాత, ఆ కంగారులో పుట్టిందనుకుంటారు. కాదు. అంతకు ముందే ఉంది. స్పుత్నిక్ వల్ల డబ్బు మాత్రం వరదలా వచ్చింది. 1958లో నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్టు వచ్చింది. చట్టం పేరు చూడండి, చదువుని కూడా దేశరక్షణ ఖాతాలో రాసేశారు!

ఆ వేసవి ఇన్‌స్టిట్యూట్ల పద్ధతి నాకు నచ్చుతుంది. టీచరుని యూనివర్సిటీకి పిలిచి, హాస్టల్లో పెట్టి, వారానికి 75 డాలర్ల స్టైపెండు, పెళ్ళాం పిల్లలుంటే మనిషికి ఇంత అని అదనంగా, దారి ఖర్చులు వేరేగా ఇచ్చేవాళ్ళు. వేసవిలో పెట్రోలు బంకులోనో, రంగులు వేసే పనిలోనో చేరి సంసారం లాక్కొచ్చే మాస్టారికి అది చిన్న విషయం కాదు. చదువుకోమని చెప్పి జేబులోంచి ఖర్చు పెట్టుకోమనలేదు వాళ్ళు.

అదే రోజుల్లో, 1956లో, ఎం.ఐ.టి.లో జెరాల్డ్ జకరయాస్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు హైస్కూలు ఫిజిక్స్ పాఠాన్ని మొదటి నుంచీ కొత్తగా రాయాలని పట్టుబట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ మీద పనిచేసిన మనిషి. పి.ఎస్.ఎస్.సి. అనే పేరుతో కమిటీ వేసి, పుస్తకం (అది 1960లో వచ్చింది), సినిమాలు, చవక సామాన్లతో ప్రయోగాలు తయారుచేశారు. కెమిస్ట్రీకి అలాంటిదే కెమ్ స్టడీ. దానికి పెద్ద గ్లెన్ సీబోర్గ్, నోబెల్ గ్రహీత. పుస్తకాలు అద్భుతంగా ఉంటాయి, ఇప్పటికీ నా అలమరాలో ఉన్నాయి. కాకపోతే ఈ పెద్దల్లో కొందరికి ఒక నమ్మకం ఉండేది. సామగ్రి గొప్పగా ఉంటే టీచరు ఎలాంటివాడైనా ఫర్వాలేదని. వేసవి కోర్సుల్లో చెప్పినదీ ఎక్కువగా ప్రొఫెసర్ల ఉపన్యాసమే. అప్పటికే ఫిజిక్స్ వచ్చినవాళ్ళకి అది పండగ. పక్క సబ్జెక్టు నుంచి వచ్చినవాడు మాత్రం మూడో రోజుకే నోట్సు రాసుకోవడంలో పడిపోయేవాడు.

ఈ పాయే మన దేశానికొచ్చింది. 1963 వేసవిలో యు.జి.సి., ఎన్.సి.ఇ.ఆర్.టి., అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ కలిసి ఇండియాలో ఇలాంటి ఇన్‌స్టిట్యూట్లు మొదలుపెట్టాయి. అమెరికన్ ప్రొఫెసర్లు వచ్చేవారు, పి.ఎస్.ఎస్.సి., కెమ్ స్టడీ పాఠాలే చెప్పేవారు. అదే ఏడు ఎన్.సి.ఇ.ఆర్.టి. నాలుగు ప్రాంతీయ శిక్షణ కళాశాలలు పెట్టింది, అజ్మీరు, భోపాలు, భువనేశ్వరు, మైసూరులలో. మన ఆంధ్రప్రదేశ్‌కి మైసూరు. అప్పటికే బళ్ళో పాఠాలు చెబుతూ బి.ఎడ్. లేనివాళ్ళ కోసం అక్కడ ఒక కోర్సు ఉండేది. రెండు వేసవులు అక్కడికి వెళ్ళి ఉండాలి, మధ్యలో పది నెలలూ పోస్టులో పాఠాలు వస్తాయి. తర్వాత 1964-66 నాటి కొఠారీ కమిషన్ (ఆ కొఠారీ గారు స్వయంగా ఫిజిక్స్ ప్రొఫెసరు) ప్రతి టీచరుకీ అయిదేళ్ళకొకసారి కనీసం రెండు మూడు నెలల శిక్షణ ఉండాలని రాసింది. రాసింది అన్నంత వరకే. ఆ తర్వాత ఏ రాష్ట్రంలోనైనా అంత శిక్షణ పొందిన మాస్టారు నాకు తారసపడలేదు.

మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఫిజికల్ సైన్స్ ఆయన బదిలీ అయిపోతే, ఆ పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఆ క్లాసులూ ఈయనే. అరవైల చివర్లో ఒక వేసవి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళొచ్చారు. అక్కడ అద్దపు అడుగున్న పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన దీపం పెట్టి, కింద తెల్లకాగితం మీద అలల నీడలు చూపిస్తారు. రిపుల్ ట్యాంకు అంటారు దాన్ని. ఈయన ఊరికొచ్చి హెడ్మాస్టరుని అడిగితే, ఆ పద్దు కింద డబ్బు లేదన్నారట. పటం కట్టే అద్దం తెచ్చి, చుట్టూ చెక్క బద్దలు కొట్టించి, సందుల్లో మైనం కరిగించి పోసి తనే చేశారు. నా చిన్నప్పుడు అది మా అటక మీద ఉండేది. ఆయన దాని గురించి గొప్పగా చెప్పుకునేవారు. "వెళ్ళొచ్చాక మళ్ళీ ఒక్కడైనా వచ్చి ఎలా చెబుతున్నావయ్యా అని అడగలేదమ్మా" అని కూడా అనేవారు. నాకా రెండో మాటే ఎక్కువ గుర్తు.

అలా అడిగిన కార్యక్రమం ఇండియాలో ఒకటుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బళ్ళలో మొదలైంది. బడి చదువు తర్వాత సైన్సు ముట్టుకోని మాస్టర్లని కూర్చోబెట్టి, వేసవిలో మూడేసి వారాలు, పిల్లలు చేసే ప్రయోగాలన్నీ వాళ్ళ చేతే చేయించేవారు. ఢిల్లీ యూనివర్సిటీ నుంచీ టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచీ శాస్త్రజ్ఞులు వచ్చి వాళ్ళతో పాటే నేల మీద కూర్చునేవారు. ఏడాది పొడుగునా నెలవారీ సమావేశాలు, బళ్ళకి వెళ్ళి చూడటం ఉండేవి. ముప్ఫై ఏళ్ళు నడిచి, 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

మళ్ళీ అమెరికాకి వద్దాం. ఇక్కడా అదే తంతు. డెబ్భైల్లో కాంగ్రెసులో పాఠ్యపుస్తకాల మీద గొడవలై నిధులు సన్నగిల్లాయి. 1982కల్లా సైన్స్ ఫౌండేషన్‌లో విద్యా విభాగాన్నే మూసేశారు. ఆ మరుసటేడే, 1983లో, దేశం ప్రమాదంలో ఉంది, పిల్లలకి చదువు రావట్లేదు అని ఇంకో నివేదిక! మళ్ళీ తలుపులు తెరిచారు.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఇక్కడ వస్తాడు. పేరు మాల్కమ్ వెల్స్. అరిజోనాలో హైస్కూలు ఫిజిక్స్ టీచరు. ఇందాక చెప్పిన స్పుత్నిక్ కాలపు కోర్సుల్లో తయారైనవాడే. సామాన్లు తనే చేసుకునే రకం, మంచి పేరున్నవాడు. అక్కడి యూనివర్సిటీలో డేవిడ్ హెస్టెనెస్, ఇబ్రహీం హలూన్ అనే ఇద్దరు కలిసి ఒక పరీక్ష తయారుచేశారు (1985లో అచ్చయింది). అందులో లెక్కలుండవు, మామూలు మాటల్లో ప్రశ్నలుంటాయి. వెల్స్ దాన్ని తన పిల్లలకిస్తే ఫలితాలు చూసి ఆయనకి మతిపోయింది.

ఎలాంటి ప్రశ్నలో చెబుతాను. బంతిని నిట్టనిలువునా పైకి విసిరాం. చెయ్యి వదిలేసింది, బంతి ఇంకా పైకి పోతూనే ఉంది. గాలి సంగతి పక్కన పెడితే, ఆ క్షణాన దాని మీద పనిచేసే బలాలేవి? భూమి కిందకి లాగే బలం ఒక్కటే. కానీ ఎక్కువమంది "చేతి బలం కూడా ఉంది, అది తగ్గుతూ వస్తుంది, అయిపోయాక కింద పడుతుంది" అంటారు. మన భాష కూడా అలాగే అంటుంది కదా, బలంగా విసిరాడు, బంతిలో బలం అయిపోయింది అని. ఈ నమ్మకం ఉన్న పిల్లవాడు సూత్రంలో అంకెలు వేసి బంతి ఎంత ఎత్తు వెళ్తుందో తప్పు లేకుండా చెప్పేస్తాడు. మార్కులు పూర్తిగా వచ్చేస్తాయి, ఊహ మాత్రం అలాగే ఉండిపోతుంది. ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రులు ఈ ముక్క కాస్త ఆలోచించాలి.

వెల్స్ ఆ వయసులో హెస్టెనెస్ దగ్గర డాక్టరేటుకి చేరి, పాఠం చెప్పే పద్ధతినే మార్చుకున్నాడు. అదే మోడలింగ్. 1990 ప్రాంతం నుంచి సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో అది దేశమంతా టీచర్ల వర్కుషాపులుగా పాకింది. వెల్స్ 1994లో పోయాడు.

నేను మారింది అలాంటి వర్కుషాపులోనే, మూడు వారాలు. మొదటి రోజు మా చేతికి బ్యాటరీ బొమ్మకారు, స్టాప్‌వాచ్, టేపు ఇచ్చి ఇది ఎలా నడుస్తోందో చెప్పండి అన్నారు. ఉపన్యాసం లేదు. నలుగురేసి కూర్చుని పెద్ద తెల్లబోర్డు మీద గ్రాఫు గీసి, అందరి ముందూ నిలబడి సమర్థించుకోవాలి. మా జట్టులో ఇరవై ఏళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్న పెద్దాయన ఉండేవారు. బంతి ప్రశ్న దగ్గర గదిలో సగం మందితో పాటు ఆయన చేతి బలం పార్టీలో చేరారు. దాని మీద రెండు గంటలు వాదన నడిచింది. నేర్పేవాళ్ళు జవాబు చెప్పరు, "అయితే ఆ బలం ఎవరు వేస్తున్నారు? చెయ్యి ఎక్కడుంది?" అని మాత్రం అడుగుతారు. ఆ ప్రశ్నకి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి తన బాణంగుర్తు తనే చెరిపేశారు. బి.జడ్.సి. నాకెక్కడ అడ్డమొచ్చిందో, ఎక్కడ సాయం చేసిందో కూడా అక్కడే తెలిసింది. లెక్క అడ్డమొచ్చింది. పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ముందే పసిగట్టడంలో, ఫిజిక్స్ ఎం.ఎస్సీ. చదివొచ్చినవాళ్ళ కన్నా మేమే నయమనిపించింది.

మన న్యూజెర్సీలో ఇంకో ప్రయత్నం జరిగింది. బెర్గెన్ కౌంటీలో రాబర్ట్ గుడ్‌మన్ అనే టీచరు 1999 నుంచి తొమ్మిదో తరగతిలోనే ఫిజిక్స్ మొదలుపెట్టే పద్ధతి నడిపారు. 2006లో రాష్ట్ర ఉత్తమ ఉపాధ్యాయుడయ్యారు. తొమ్మిదిలో అందరికీ ఫిజిక్స్ అంటే అంతమంది టీచర్లెక్కడ? అందుకని టీచర్ల యూనియన్ అండతో ఒక శిక్షణ కేంద్రం పెట్టి, నెవార్క్ లాంటి చోట్ల అప్పటికే పనిచేస్తున్న ఇతర సబ్జెక్టుల టీచర్లనే ఫిజిక్స్, కెమిస్ట్రీ టీచర్లుగా తయారుచేశారు. కొన్నాళ్ళకి దేశంలో ఏ యూనివర్సిటీ కన్నా ఎక్కువమంది ఫిజిక్స్ టీచర్లని ఈ కేంద్రమే అందిస్తోందని లెక్క తేలింది. గాంబియాకి కూడా వెళ్ళిందా పద్ధతి. పాఠాలన్నీ ఉచితం, మీ పిల్లలు ఇంట్లోనే చూసుకోవచ్చు.

2002లో సంతకమైన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం టీచరుకి తను చెప్పే సబ్జెక్టులో అర్హత చూపించాలంది. 2015లో వచ్చిన కొత్త చట్టం ఆ నిబంధన తీసేసింది. ఇప్పుడు వేసవి శిక్షణకి డబ్బు పెట్టాలా వద్దా అన్నది చాలావరకు ఏ ఊరి స్కూలు బోర్డు ఆ ఊరికి తేల్చుకుంటుంది.

అందుకని ఈసారి టీచర్ల పరిచయం రాత్రికి వెళ్ళినప్పుడు ఫిజిక్స్ ఆవిడని "మీ డిగ్రీ ఏమిటి" అని అడగకండి. ఫిజిక్స్ చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని వారాలు, ఖర్చు స్కూలు పెట్టుకుందా మీరా, ఇప్పటికీ తోటి టీచర్లతో కలుస్తున్నారా అని అడగండి. ఆవిడ సంతోషంగా చెబుతుంది, నాదీ పూచీ. బడ్జెట్ మీద బహిరంగ సమావేశం ఏప్రిల్ చివర్లో ఉంటుంది, ఎవరైనా మాట్లాడచ్చు. కిందటేడు మా ఊళ్ళో వేసవి శిక్షణ పద్దు సగానికి కోసిన రోజున హాల్లో పదకొండు మంది తల్లిదండ్రులున్నాం. మనవాళ్ళు ఇద్దరం.

ఉంటానండీ, సెలవు.